ఏ ఇనిట్ వాడాలి? లినక్స్ ప్రారంభ వ్యవస్థపై వాదాలను సొంత యంత్రం మీదే తేల్చుకునే విధానం

లినక్స్ కెర్నెల్ మెమరీలోకి ఎక్కి తన పనులు ముగించుకోగానే ఒకే ఒక్క ప్రోగ్రామ్‌ను నడిపి, తర్వాతి బాధ్యతనంతా దానికి అప్పగిస్తుంది. ఆ ప్రోగ్రామ్ ప్రాసెస్ సంఖ్య ఎప్పుడూ 1. వాడుకలో దాన్ని ఇనిట్ అంటారు. డిస్కులను మౌంట్ చేయించడం (వాడకానికి వీలుగా జోడించడం), నెట్‌వర్క్‌ను సిద్ధం చేయడం, డేటాబేస్‌నూ వెబ్ సర్వర్‌నూ లాగిన్ తెరనూ సరైన క్రమంలో నడిపించడం, తల్లి ప్రాసెస్ చనిపోగా అనాథలుగా మిగిలిన ప్రాసెస్‌లను తన కిందికి తీసుకోవడం, చివరికి యంత్రాన్ని సవ్యంగా ఆపడం అన్నీ దాని పనులే. అది మధ్యలో చనిపోతే కెర్నెల్ కూడా అక్కడికక్కడే చేతులెత్తేస్తుంది. అంత కీలకమైన స్థానంలో ఎలాంటి ప్రోగ్రామ్ ఉండాలన్న విషయంపై స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకం 2010 నుంచి వాదించుకుంటూనే ఉంది.

ఈ వాదాన్ని కొత్తగా చదివేవారు ఇబ్బంది పడటం సహజం. సిస్టమ్‌డీ (ఇప్పుడు ఎక్కువ చోట్ల వాడే ఇనిట్) లేకుండా ఈ రోజుల్లో సర్వర్ నడపడం దండగ శ్రమ అని ఒకరంటారు. అది యునిక్స్ పద్ధతికే చేటు తెచ్చిందని మరొకరంటారు. ఇద్దరూ ఏళ్ల తరబడి సర్వర్లు నడిపినవారే అయి ఉంటారు. నేను గమనించినంతలో, ప్రతి అభిప్రాయమూ ఏదో ఒక రకం యంత్రం మీద, ఏదో ఒక రకం పనిలో పుట్టినదే. మన యంత్రం అలాంటిదో కాదో చూసుకుంటే, ఆ అభిప్రాయం మనకు ఎంతవరకు వర్తిస్తుందో తెలుస్తుంది. ఆ చూసుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతాను. రెండు వర్చువల్ మెషీన్లు, ఒక సెలవు రోజు ఉంటే చాలు. కమాండ్‌ల పేర్లను పలికే తీరులో తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు మాత్రం వాటిని ఆంగ్ల అక్షరాల్లోనే, అన్నీ చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

ముందుగా మీ యంత్రంలో ఏముందో చూడండి

ఆశ్చర్యంగా అనిపించవచ్చు గానీ, ఇనిట్ గురించి గట్టిగా మాట్లాడేవారిలో కొందరు తమ యంత్రంలో ఏది నడుస్తోందో సరిచూసుకోరు. మూల డైరెక్టరీలో ఉండే ప్రాక్ అనే డైరెక్టరీలోకి వెళ్లి, అందులోని 1 అనే ఉపడైరెక్టరీలో ఉన్న కామ్ అనే ఫైల్‌ను క్యాట్ కమాండ్‌తో చదవండి. సిస్టమ్‌డీ అనో, మరో ఇనిట్ అయిన రన్‌ఇట్ అనో కనిపిస్తే సందేహం తీరినట్టే. ఇనిట్ అని మాత్రమే కనిపిస్తే ఇంకా తేలలేదని అర్థం, ఎందుకంటే పాత సిస్‌వీ ఇనిట్‌కూ అదే పేరు, ఆల్పైన్ లినక్స్‌లో ఓపెన్‌ఆర్‌సీ కింద నడిచే బిజీబాక్స్ ఇనిట్‌కూ అదే పేరు. అప్పుడు రన్ అనే డైరెక్టరీలో చూడండి: అందులో సిస్టమ్‌డీ పేరుతో డైరెక్టరీ, దానిలో సిస్టమ్ అనే ఉపడైరెక్టరీ ఉంటే సిస్టమ్‌డీ నడుస్తున్నట్టు, ఓపెన్‌ఆర్‌సీ పేరుతో డైరెక్టరీ ఉంటే సర్వీసులను, అంటే వెనక నిరంతరం నడిచే ప్రోగ్రామ్‌లను, ఓపెన్‌ఆర్‌సీ చూసుకుంటున్నట్టు.

రెండు చోట్ల ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. డాకర్ వంటి కంటెయినర్ లోపల నుంచి చూస్తే 1వ ప్రాసెస్‌గా సాధారణంగా మీ అప్లికేషనే కనిపిస్తుంది. అక్కడ ఇనిట్ ఉండకపోవడమే మామూలు. విండోస్‌లో నడిచే లినక్స్ ఉపవ్యవస్థలో మొదట మైక్రోసాఫ్ట్ సొంత ఇనిట్ ఒక్కటే ఉండేది. 2022 సెప్టెంబరు నుంచి సిస్టమ్‌డీని కూడా ఎంచుకునే వీలు వచ్చింది. కాబట్టి ఈ రెండు చోట్ల నేర్చుకున్నదాన్ని అసలు సర్వర్‌కు యథాతథంగా అన్వయించకండి.

వాదాన్ని విడదీసి చదవడం

ఇనిట్ వాదం అని ఒకటే పేరు పెట్టినా, అందులో నాలుగు వేర్వేరు తగాదాలు కలిసిపోయి ఉన్నాయి. ఎవరైనా అభిప్రాయం చెబితే, అది వీటిలో దేని గురించో మొదట గుర్తించాలి. దానికి కాస్త చరిత్ర తెలిసి ఉండాలి, అందుకే ఈ భాగం మిగతావాటికంటే పెద్దది.

సిస్‌వీ ఇనిట్ పద్ధతి ఏటీ అండ్ టీ సంస్థ 1983లో విడుదల చేసిన సిస్టమ్ ఫైవ్ యునిక్స్ నుంచి వచ్చింది. 0 నుంచి 6 వరకు రన్‌లెవెళ్లు (యంత్రం ఉండగల స్థితులు), ఒక్కో రన్‌లెవెల్‌కు ఒక డైరెక్టరీ, అందులో ఎస్ లేదా కే అక్షరంతోనూ ఒక వరుస సంఖ్యతోనూ మొదలయ్యే స్క్రిప్టులు; వాటిని ఆ సంఖ్యల క్రమంలో ఒకదాని తర్వాత ఒకటిగా నడపడం. ఇంతే దాని సారాంశం. ఎవరైనా ఆ స్క్రిప్టును తెరిచి చదవగలగడం దాని బలం. ఒకసారి ప్రారంభించిన సర్వీస్ బతికి ఉందో లేదో తర్వాత పట్టించుకోకపోవడం దాని బలహీనత. సర్వీస్ తన ప్రాసెస్ సంఖ్యను ఒక ఫైల్‌లో రాసిపెట్టాలి, ఆపేటప్పుడు స్క్రిప్టు ఆ ఫైల్‌ను నమ్మాలి. సర్వీస్ చనిపోయి ఫైల్ మిగిలిపోతే, ఈలోగా అదే సంఖ్య వేరే ప్రాసెస్‌కు వచ్చి ఉంటే, స్క్రిప్టు సంబంధం లేని ప్రాసెస్‌ను చంపే ప్రమాదం ఉంది. పాత పద్ధతే మేలనేవారు ఈ లోపాన్ని ఒప్పుకుంటున్నారో లేదో అడిగి చూడండి. ఒప్పుకునేవారి మాటకు ఎక్కువ విలువ ఇవ్వవచ్చు.

ఆ లోపాలను సరిదిద్దే ప్రయత్నాలు సిస్టమ్‌డీకి ముందే మొదలయ్యాయి. యాపిల్ 2005లో మ్యాక్ ఓఎస్ 10.4తో లాంచ్‌డీని తెచ్చింది. ఉబుంటును తయారుచేసే కెనానికల్‌లో పనిచేస్తున్న స్కాట్ జేమ్స్ రెమ్నెంట్ రాసిన అప్‌స్టార్ట్ 2006లో ఉబుంటు 6.10లో చేరింది, తర్వాత రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6లోనూ నడిచింది. 2010 ఏప్రిల్ 30న రెడ్ హ్యాట్ ఇంజినీర్ లెనార్ట్ పోటరింగ్ 1వ ప్రాసెస్‌ను కొత్తగా ఆలోచించాలంటూ ఒక పెద్ద వ్యాసం ప్రచురించి, కే సీవర్స్‌తో కలిసి సిస్టమ్‌డీని ముందుకు తెచ్చారు. ముఖ్యమైన ఆలోచనలు రెండు. సర్వీసుల సాకెట్లను (కబుర్లు అందుకునే ద్వారాలను) ఇనిటే ముందుగా తెరిచి ఉంచితే, ఒకదాని కోసం ఒకటి వేచి చూడకుండా అన్నీ ఏకకాలంలో మొదలవుతాయి. కెర్నెల్‌లోని సీగ్రూప్‌ల సాయంతో ఒక్కో సర్వీస్‌కు చెందిన ప్రాసెస్‌లన్నింటినీ ఒక గుంపుగా పట్టి ఉంచితే, ఎన్ని పిల్ల ప్రాసెస్‌లు పుట్టినా తప్పించుకోలేవు. ఫెడోరా 15తో 2011 మే నెలలో అది మొదటిసారి ఒక ప్రధాన డిస్ట్రోలో (లినక్స్‌తో సిద్ధంగా వచ్చే పూర్తి వ్యవస్థలో) సహజ ఎంపిక అయింది. ఆర్చ్ ద్వారా 2012లో, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 ద్వారా 2014లో, డెబియన్ 8, ఉబుంటు 15.04 ద్వారా 2015 ఏప్రిల్‌లో మిగతావారికీ చేరింది.

అసలు పోరు జరిగింది డెబియన్‌లో. ఎనిమిది మంది సభ్యుల సాంకేతిక సంఘం నెలల తరబడి చర్చించి, 2014 ఫిబ్రవరిలో ఓటింగ్ జరిపితే నాలుగు, నాలుగుగా సమానంగా చీలింది. అధ్యక్షుడు బ్డేల్ గార్బీ నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డీ గెలిచింది. చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది: ఆ సమాన ఓట్లు వచ్చినవి సిస్టమ్‌డీకీ అప్‌స్టార్ట్‌కూ మధ్య. పాత స్క్రిప్టు పద్ధతి ఆ పోటీలో చివరి వరకు నిలవనే లేదు. కొద్ది రోజులకే ఉబుంటు కూడా అప్‌స్టార్ట్‌ను వదిలి డెబియన్ దారినే నడుస్తుందని ఉబుంటు వ్యవస్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ ప్రకటించారు. అదే ఏడాది నవంబరులో, ఏ ప్యాకేజీ కూడా ఒకే ఇనిట్ మీద ఆధారపడకూడదన్న సాంకేతిక సంఘం సభ్యుడు ఇయాన్ జాక్సన్ ప్రతిపాదన మీద డెవలపర్లందరూ ఓటు వేశారు. అలాంటి తీర్మానం అవసరం లేదన్న ఎంపికే నెగ్గింది. జాక్సన్ సంఘం నుంచి తప్పుకున్నారు, డెబియన్‌ను దాదాపు రెండు దశాబ్దాలు మోసిన జోయీ హెస్ ప్రాజెక్టునే వదిలారు, సిస్టమ్‌డీ వద్దనుకున్న మరికొందరు దేవువాన్ పేరుతో వేరు కుంపటి పెట్టి 2017 మేలో తొలి స్థిర విడుదల తెచ్చారు. 2019 డిసెంబరులో డెబియన్ మళ్లీ ఓటు వేసి, సిస్టమ్‌డీనే ప్రధానంగా ఉంచుతూ ప్రత్యామ్నాయాల అన్వేషణకు మద్దతు ఇవ్వాలని తేల్చింది. మన దేశంలో సీ-డాక్ తయారుచేసే బాస్ లినక్స్ డెబియన్ మీదే ఆధారపడింది కనుక, ఎక్కడో జరిగిన ఆ ఓట్ల ఫలితం ఇక్కడి కార్యాలయాల్లోని కంప్యూటర్ల దాకా వస్తుంది.

ఇప్పుడు తగాదాలను విడదీద్దాం. మొదటిది పరిధి గురించినది. 2012లో పరికరాలను గుర్తించే యూడెవ్‌ను సిస్టమ్‌డీ తనలో కలుపుకుంది; తర్వాత లాగిన్ సెషన్లు, లాగులు (జరిగినవాటి నమోదులు), నెట్‌వర్క్ పేర్లను చిరునామాలుగా మార్చడం, నెట్‌వర్క్, గడియారం, చివరికి హోమ్ డైరెక్టరీలు కూడా దాని ప్రాజెక్టులో భాగమయ్యాయి. ఒక పని ఒక ప్రోగ్రామ్ చేయాలన్న యునిక్స్ సూత్రానికి ఇది విరుద్ధమని విమర్శ. ఇవన్నీ వేర్వేరు బైనరీలని, 1వ ప్రాసెస్‌లో లేవని, చాలావాటిని వాడకుండా ఉండవచ్చని జవాబు. నా దృష్టిలో జవాబు నిజమే గానీ సరిపోదు. వేర్వేరు బైనరీలుగా ఉండటం ఒకటి, ఒకదాని స్థానంలో వేరొకదాన్ని పెట్టగలగడం మరొకటి. జెంటూ డిస్ట్రో డెవలపర్లు యూడెవ్‌ను విడదీసి ఈయూడెవ్‌గా, గిక్స్ డిస్ట్రో కోసం ఆండీ వింగో లాగిన్ భాగాన్ని విడదీసి ఈలాగిన్‌డీగా నిలబెట్టారంటే అది సాధ్యమేనని తెలుస్తుంది; అందుకు వారు ఏళ్ల తరబడి శ్రమించారంటే అది సులువు కాదని కూడా తెలుస్తుంది. మీరు డెస్క్‌టాప్ వాడుతుంటే ఈ తగాదా మీకు సంబంధించినదే, ఎందుకంటే గ్నోమ్ వంటి డెస్క్‌టాప్‌లు లాగిన్ సెషన్ల కోసం ఆ భాగాన్ని ఆశిస్తాయి. ఒక్క వెబ్ సర్వర్ నడిపే చిన్న యంత్రంలో దీని ప్రభావం చాలా తక్కువ.

రెండోది లాగుల గురించినది. సిస్టమ్‌డీ జర్నల్ బైనరీ రూపంలో ఉంటుంది, గ్రెప్ కమాండ్‌తో నేరుగా వెతకలేం. దీన్ని రాద్ధాంతం చేయనక్కరలేదు. ఆర్‌సిస్‌లాగ్ అనే లాగ్ ప్రోగ్రామ్‌ను స్థాపించుకుంటే మామూలు టెక్స్ట్ ఫైళ్లూ ఉంటాయి. అయితే డెబియన్ 12 నుంచి కొత్త స్థాపనల్లో ఆర్‌సిస్‌లాగ్ దానంతటదే రావడం లేదు కాబట్టి, కావాలనుకునేవారు అడిగి తెచ్చుకోవాలి.

మూడోది నిర్వాహకుల వైఖరి గురించినది, ఇది సాంకేతికం కాకపోయినా కొట్టిపారేయదగ్గది కాదు. 2016లో సిస్టమ్‌డీ 230వ విడుదలలో, యూజర్ లాగౌట్ కాగానే అతని ప్రాసెస్‌లన్నింటినీ చంపేయడం సహజ అమరికగా మారింది. రాత్రంతా నడవాలని, లాగౌట్ అయినా పనిని కొనసాగించే టీమక్స్‌లోనో స్క్రీన్‌లోనో వదిలిన పని పొద్దున్నకు ఉండదన్నమాట. డెబియన్ తన ప్యాకేజీలో దాన్ని తిరగేసింది. 2017లో, అంకెతో మొదలయ్యే యూజర్ పేరును యూనిట్ ఫైల్‌లో (సర్వీస్ వివరాలు రాసే ఫైల్‌లో) రాస్తే, ఆ పంక్తిని చెల్లనిదిగా వదిలేసి సర్వీస్‌ను రూట్ (సర్వాధికారి) హక్కులతో నడుపుతోందని బయటపడింది. అది లోపమే కాదని పోటరింగ్ మొదట వాదించారు, తర్వాత అలాంటి యూనిట్‌ను నడపకుండా నిరాకరించేలా మార్చారు. ఈ రెండు ఉదంతాలూ చెప్పేది ఒకటే: సహజ అమరికలు విడుదలకూ విడుదలకూ మారవచ్చు, కాబట్టి కొత్త విడుదల వచ్చినప్పుడు మార్పుల పట్టిక చదవడం మీ పనిలో భాగం.

నాలుగోది భద్రత. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ బయటపెట్టిన, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్‌లోని దొంగదారి ఇందుకు మంచి పాఠం. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ అసలు మూలంలో ఎక్స్‌జెడ్‌కు చెందిన ఎల్‌జెడ్ఎంఏ లైబ్రరీ అవసరమే లేదు. తాను సిద్ధమయ్యానని సిస్టమ్‌డీకి కబురు పంపడానికి కొన్ని డిస్ట్రోలు దానికి లిబ్‌సిస్టమ్‌డీని జోడించాయి. ఆ లైబ్రరీ వెంట ఎల్‌జెడ్ఎంఏ వచ్చింది, దాంతో దొంగదారి కూడా వచ్చింది. పరిధి పెరిగితే ఇలాగే అవుతుందని ఒక పక్షం అంది. ఆ కబురు పంపడానికి లైబ్రరీయే అక్కరలేదని, కొద్ది పంక్తుల కోడ్ చాలునని మరో పక్షం అంది. తర్వాత ఓపెన్ఎస్ఎస్‌హెచ్ ఆ కోడ్‌ను తానే రాసుకుంది, అలాంటి లైబ్రరీలను అవసరం పడినప్పుడే తెరిచే మార్పును అప్పటికే చేపట్టిన సిస్టమ్‌డీ దాన్ని తర్వాతి విడుదలలో తెచ్చింది. విమర్శలో నిజం ఉందని రెండు ప్రాజెక్టులూ పని ద్వారా ఒప్పుకున్నాయని నేను భావిస్తాను.

ఒకే సర్వీస్‌ను రెండు చోట్ల రాయడం

ఇక చేతులతో చేసే పని. రెండు వర్చువల్ మెషీన్లు తయారు చేసుకోండి: ఒకదానిలో డెబియన్, రెండోదానిలో వాయిడ్ లినక్స్. మొదటిది సిస్టమ్‌డీతో, రెండోది గెరిట్ పేప్ రాసిన రన్‌ఇట్‌తో నడుస్తుంది. ఈ జతను ఎంచుకోవడానికి కారణం, ఆలోచనలో ఇవి రెండూ ఎంతో దూరంగా ఉండటమే; తేడా స్పష్టంగా చేతికి తెలుస్తుంది. రెండింటిలోనూ ఒక చిన్న పైథాన్ వెబ్ సర్వర్‌ను సర్వీస్‌గా మార్చండి.

డెబియన్‌లో ఈటీసీ డైరెక్టరీలోని సిస్టమ్‌డీ, దానిలోని సిస్టమ్ అనే చోట డాట్ సర్వీస్‌తో ముగిసే పేరుతో ఒక ఫైల్ రాయాలి. అందులో చదరపు బ్రాకెట్లలో పేరు పెట్టిన మూడు భాగాలుంటాయి (ఈ ఫైల్‌లోని భాగాల, అమరికల పేర్లలో మాత్రం ప్రతి మాట మొదటి అక్షరం పెద్దదిగా ఉండాలి). యూనిట్ భాగంలో వివరణ, ఏ సర్వీస్ తర్వాత మొదలవ్వాలో రాస్తారు. సర్వీస్ భాగంలో ఎగ్జెక్‌స్టార్ట్ అన్న పేరుకు ప్రోగ్రామ్ పూర్తి దారిని, యూజర్ అన్న పేరుకు ఏ యూజర్‌గా నడవాలో, రీస్టార్ట్ అన్న పేరుకు విఫలమైనప్పుడు మళ్లీ నడపమని రాస్తారు. ఇన్‌స్టాల్ భాగంలో మల్టీ-యూజర్ టార్గెట్ పేరు ఇస్తారు. తర్వాత సిస్టమ్‌డీ-అనలైజ్ కమాండ్‌కు వెరిఫై అన్న మాట, ఫైల్ పేరు ఇచ్చి తప్పులు సరిచూసుకోండి. పైన చెప్పిన 2017 ఉదంతం గుర్తుంటే ఈ అడుగును ఎందుకు దాటవేయకూడదో అర్థమవుతుంది. ఆ పైన సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో డీమన్-రీలోడ్ చేసి, ఎనేబుల్ చేసి, స్టార్ట్ చేయాలి.

వాయిడ్‌లో ఈటీసీ కింద ఎస్‌వీ అనే డైరెక్టరీలో సర్వీస్ పేరుతో ఒక డైరెక్టరీ, అందులో రన్ అనే స్క్రిప్టు. ఆ స్క్రిప్టులో మొదటి పంక్తి షెల్‌ను పిలిచేది; రెండోది ఎగ్జెక్ అన్న మాటతో మొదలై, సీహెచ్‌పీఎస్‌టీ అనే కమాండ్ సాయంతో యూజర్‌ను మార్చి ప్రోగ్రామ్‌ను ముందువరుసలోనే నడిపేది. ప్రోగ్రామ్ వెనక్కి వెళ్లి డీమన్‌గా మారకూడదు, అదొక్కటే నియమం. స్క్రిప్టుకు అమలు అనుమతి ఇచ్చి, ఆ డైరెక్టరీకి వేర్ (వీ-ఏ-ఆర్) డైరెక్టరీ కింద ఉన్న సర్వీస్ డైరెక్టరీలో ఒక లింకు పెడితే కొన్ని సెకన్లలో సర్వీస్ మొదలవుతుంది. కొత్త భాష నేర్చుకోనక్కరలేదు, షెల్ తెలిస్తే చాలు. అయితే ఏ సర్వీస్ ముందు, ఏది తర్వాత అన్న క్రమాన్ని చెప్పే వాక్యం రన్‌ఇట్‌లో లేదు. డేటాబేస్ సిద్ధంగా ఉందో లేదో స్క్రిప్టులోనే పరీక్షించి, లేకపోతే తప్పుకుని బయటికి రావాలి, రన్‌ఇట్ దాన్ని మళ్లీ నడుపుతుంది. సర్వీసులు రెండు మూడు ఉన్నచోట ఈ సరళత హాయిగా ఉంటుంది, పాతిక ఉన్నచోట బరువవుతుంది.

కావాలని చెడగొట్టి చూడండి

సర్వీస్ మొదలవ్వడం ఏ ఇనిట్‌లోనైనా జరిగేదే. అవి ఎలా విఫలమవుతాయో చూసినప్పుడే మీకు ఏది తగినదో తెలుస్తుంది, కాబట్టి ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

మొదట సర్వీస్ ప్రాసెస్‌ను కిల్ కమాండ్‌కు 9 సంకేతం ఇచ్చి చంపండి. రెండూ వెంటనే మళ్లీ నడుపుతాయి. ఇప్పుడు మొదలుకాగానే తప్పుతో బయటికొచ్చేలా ప్రోగ్రామ్‌ను మార్చండి. సిస్టమ్‌డీ తన సహజ అమరికల ప్రకారం 10 సెకన్లలో 5 సార్లు ప్రయత్నించి, ఇక చాలని విఫలమైనట్టు ప్రకటించి ఊరుకుంటుంది. రన్‌ఇట్ సెకనుకోసారి ప్రయత్నిస్తూనే ఉంటుంది. రాత్రి పూట డేటాబేస్ అరగంట పాటు అందుబాటులో లేకుండా పోయిందనుకోండి: రన్‌ఇట్ యంత్రం డేటాబేస్ రాగానే దానంతటదే కోలుకుంటుంది, సిస్టమ్‌డీ యంత్రంలో ఎవరో లేచి స్టార్ట్ అనాలి. రీస్టార్ట్‌సెక్ విలువను పెంచి, స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్‌ను సున్నా చేస్తే సిస్టమ్‌డీ కూడా ఆగకుండా ప్రయత్నిస్తుంది. మరోవైపు, చెడిన సర్వీస్ సెకనుకోసారి లేచి పడుతూ లాగులను నింపేయడం కూడా మంచిది కాదు. రెండింటిలో మీ పనికి ఏ ప్రవర్తన నప్పుతుందో మీకే తెలియాలి.

రెండో పరీక్షగా, మీ ప్రోగ్రామ్ ఒక పిల్ల ప్రాసెస్‌ను పుట్టించి వదిలేసేలా చేసి, తర్వాత సర్వీస్‌ను ఆపండి. సీగ్రూప్ వల్ల సిస్టమ్‌డీ పిల్లను కూడా ఆపుతుంది. రన్‌ఇట్‌లో తల్లి ఆగుతుంది, పిల్ల మిగిలిపోతుంది. సీగ్రూప్‌ల గురించి ఎన్ని వ్యాసాలు చదివినా కలగని అవగాహన ఈ ఒక్క ప్రయోగంతో కలుగుతుంది, అందుకే దీన్ని తప్పక చేయమంటాను.

మూడోది నాకు స్వయంగా ఎదురైంది. నేను చూసుకునే ఒక సర్వర్‌లో బ్యాకప్ డిస్కును తీసేశాం గానీ, మౌంట్ చేయాల్సిన డిస్కుల జాబితా ఉండే, ఈటీసీలోని ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో దాని పంక్తిని తీయడం మరిచాం. రీబూట్ చేశాక సర్వర్ తిరిగి రాలేదు. సిస్టమ్‌డీ ఆ డిస్కు కోసం 90 సెకన్లు ఎదురుచూసి, దొరక్కపోయేసరికి అత్యవసర మోడ్‌లోకి వెళ్లి రూట్ పాస్‌వర్డ్ కోసం ఆగింది. నెట్‌వర్క్ లేదు, ఎస్ఎస్‌హెచ్ లేదు, యంత్రమేమో వేరే ఊళ్లో ఉంది. పాత సిస్‌వీ ఇనిట్ అయితే మౌంట్ కాలేదని ఒక పంక్తి చూపించి ముందుకు సాగి ఉండేది. డెబియన్ 8 విడుదల గమనికల్లోనే ఈ మార్పు గురించి హెచ్చరిక ఉంది. మేం దాన్ని పట్టించుకోలేదు. డేటాబేస్ డిస్కు లేకుండా డేటాబేస్ మొదలవ్వడం కంటే ఆగిపోవడమే క్షేమం కనుక, ఆ కఠినత్వానికి అర్థం లేకపోలేదు. కానీ తప్పనిసరి కాని ప్రతి డిస్కు పంక్తిలోనూ నోఫెయిల్ అన్న మాట చేర్చాలి. మీ వర్చువల్ మెషీన్‌కు రెండో డిస్కు జోడించి, పంక్తి రాసి, డిస్కు తీసేసి రీబూట్ చేసి చూడండి. ఆ అత్యవసర తెరను సొంత యంత్రంలో తీరికగా ఒకసారి చూసినవారు, అసలు సర్వర్ మీద చూసినప్పుడు కంగారుపడరు.

చివరగా, యంత్రం పవర్‌ను హఠాత్తుగా ఆపి, మళ్లీ లేపి, ఆగేముందు ఏం జరిగిందో లాగుల్లో వెతకండి. డెబియన్‌లో జర్నల్‌సీటీఎల్ కమాండ్‌కు మైనస్ బీ, దాని వెంట మైనస్ 1 ఇస్తే ముందటి బూట్ లాగులు వస్తాయి, వేర్ కింద లాగ్ డైరెక్టరీలో జర్నల్ అనే డైరెక్టరీ ఉంటేనే. అది లేకపోతే లాగులు మెమరీలోనే ఉంటాయి, యంత్రం ఆగగానే మాయమవుతాయి. వాయిడ్‌లో మీరు సర్వీస్‌కు లాగ్ అనే ఉపడైరెక్టరీ ఏర్పాటు చేసి ఉంటే టెక్స్ట్ ఫైల్ దొరుకుతుంది, చేయకపోతే ఏమీ దొరకదు.

వేగం గురించి కొద్దిగా

సిస్టమ్‌డీ వేగంగా బూట్ అవుతుందన్నది మొదట్లో పెద్ద ప్రచారం. సిస్టమ్‌డీ-అనలైజ్ కమాండ్‌ను ఒట్టిగా నడిపితే మొత్తం సమయం, బ్లేమ్ అన్న మాటతో నడిపితే ఒక్కో సర్వీస్ తీసుకున్న సమయం, క్రిటికల్-చైన్ అన్న మాటతో నడిపితే నిజంగా ఆలస్యానికి కారణమైన వరుస కనిపిస్తాయి. బ్లేమ్ జాబితాలో పైన ఉన్నదే దోషి అనుకోకండి. అవన్నీ ఏకకాలంలో నడుస్తాయి కాబట్టి, నెట్‌వర్క్ కోసం వేచి చూసే సర్వీస్ పైన కనిపించినా లాగిన్ తెరను ఆపి ఉండకపోవచ్చు. సంవత్సరానికి రెండుసార్లు రీబూట్ అయ్యే సర్వర్‌కు ఇనిట్ ఎంపికలో వేగాన్ని లెక్కలోకి తీసుకోవడం అనవసరం.

నిర్ణయం, మార్పిడి

నా సలహా ఇది. సాధారణ సర్వర్‌కూ డెస్క్‌టాప్‌కూ మీ డిస్ట్రో ఏ ఇనిట్‌తో వస్తే దాన్నే ఉంచుకోండి. ఎక్కువ చోట్ల అది సిస్టమ్‌డీయే. ప్యాకేజీలు తయారు చేసేవారు దాన్నే పరీక్షిస్తారు, మీ తర్వాత ఆ సర్వర్‌ను చూసుకోబోయేవారికి అదే తెలిసి ఉంటుంది. రౌటర్, చిన్న బోర్డు, మెమరీ తక్కువ ఉన్న యంత్రం, సర్వీసులు నాలుగైదుకు మించని పరికరం అయితే ఆల్పైన్‌తో వచ్చే ఓపెన్‌ఆర్‌సీనో వాయిడ్ రన్‌ఇట్‌నో ధైర్యంగా వాడండి. సర్వీసుల మధ్య క్రమమూ కావాలి, షెల్ సరళతా కావాలి అనుకునేవారికి ఓపెన్‌ఆర్‌సీ మంచి మధ్యేమార్గం. లోతుగా చదవాలనుకునేవారు లోరాన్ బెర్కో రాసిన ఎస్6ను చూడండి; ప్రాసెస్‌ల పర్యవేక్షణ గురించి అంత శ్రద్ధగా ఆలోచించిన పని అరుదు.

సిస్టమ్‌డీ వద్దని తేల్చుకుంటే, ఉన్న డిస్ట్రోలో ఇనిట్‌ను మార్చడం కంటే దానితోనే పుట్టిన డిస్ట్రోకు మారడం మేలు. డెబియన్ అలవాటైనవారు దేవువాన్‌కు వెళ్లవచ్చు. ఉన్నచోటే మార్చాలని పట్టుదల ఉంటే, ముందు ఆప్ట్-గెట్ కమాండ్‌కు మైనస్ ఎస్ ఇచ్చి, సిస్‌వీఇనిట్-కోర్ ప్యాకేజీని స్థాపించినట్టు అభినయింపజేయండి. ఏమీ మారదు గానీ, తొలగిపోబోయే ప్యాకేజీల జాబితా కనిపిస్తుంది. అందులో మీరు రోజూ వాడే డెస్క్‌టాప్ భాగాలు ఉంటే అక్కడే ఆగండి. లేకపోతే, మీరు నడిపే ప్రతి సర్వీస్‌కూ ఈటీసీ కింద ఇనిట్.డీ డైరెక్టరీలో స్క్రిప్టు ఉందో లేదో సరిచూడండి. డెబియన్‌లో కొన్ని ప్యాకేజీల నుంచి ఆ స్క్రిప్టులు తొలగిపోయాయి, అలాంటివాటిని ఆర్ఫన్-సిస్‌వీఇనిట్-స్క్రిప్ట్స్ అనే ప్యాకేజీలో చేర్చి కాపాడుతున్నారు.

మార్చే రోజున పూర్తి స్నాప్‌షాట్ తీసుకోండి, యంత్రం ముందు కూర్చోండి లేదా రిమోట్ కన్సోల్ పనిచేస్తోందని ముందే నిర్ధారించుకోండి. కొత్త ఇనిట్ లేవకపోతే, యంత్రం లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో కెర్నెల్ పంక్తి చివర ఇనిట్ సమానం, దాని వెంట బ్యాష్ పూర్తి దారి రాసి బూట్ చేయండి. 1వ ప్రాసెస్‌గా ఒట్టి షెల్ వస్తుంది, మూల డిస్కు చదవడానికి మాత్రమే మౌంట్ అయి ఉంటుంది. మౌంట్ కమాండ్‌కు రీమౌంట్, ఆర్‌డబ్ల్యూ అన్న ఎంపికలు ఇచ్చి దాన్ని రాయదగినదిగా మార్చి, తప్పును సరిచేసి, సింక్ కమాండ్ నడిపాకే యంత్రాన్ని ఆపండి. ఆ షెల్ నుంచి ఎగ్జిట్ అని బయటికి రాకండి. 1వ ప్రాసెస్ ముగిస్తే కెర్నెల్ ప్యానిక్ వస్తుంది. ఇదంతా వర్చువల్ మెషీన్‌లో కనీసం ఒక్కసారి చేసి చూసిన తర్వాతే అసలు యంత్రం జోలికి వెళ్లండి.